జర్మన్ స్వరకర్త షూమన్ సింఫొనీలు (వాద్యబృందం కోసం రాసిన పెద్ద కృతులు) కొత్తగా వినేవారు బారెన్‌బోయిమ్ నిర్దేశకుడిగా వచ్చిన 2022 సెట్‌తో మొదలుపెట్టవచ్చా?

నిస్సందేహంగా మొదలుపెట్టవచ్చు. అయితే మొదటి సింఫొనీతో కాదు, రెండో సింఫొనీలోని మూడో భాగంతో.

షూమన్ నాలుగు సింఫొనీలనూ బారెన్‌బోయిమ్ రికార్డు చేయడం ఇది మూడోసారి. 1970లలో షికాగో వాద్యబృందంతో చేశారు, తర్వాత ఇప్పటి ఈ స్టాట్స్‌కపెల్లె బెర్లిన్ వాద్యబృందంతోనే ఒకసారి చేశారు.

నేను కర్ణాటక సంగీతం వింటూ పెరిగాను. షూమన్‌ను మొదటిసారి విన్నప్పుడు ఏ వాద్యమూ విడిగా చెవిని పట్టలేదు, అంతా ఒకే ముద్దగా తోచింది. ఆయనకు వాద్యాల కూర్పు తెలియదన్న పాత విమర్శ చదివి, అదే నిజమనుకుని పక్కన పెట్టేశాను. తర్వాతి తరం స్వరకర్త మాలర్ అంతటివాడే ఈ స్వరపత్రాలను దిద్దాడు మరి.

ఆ అభిప్రాయాన్ని మార్చింది 1990లలో నిర్దేశకుడు జాన్ ఎలియట్ గార్డినర్ షూమన్ కాలపు వాద్యాలతో చేసిన రికార్డింగ్. షూమన్ తరచుగా ఒకే బాణీని వయొలిన్లకూ క్లారినెట్లకూ కలిపి ఇస్తాడు. మన కచేరీలో గాత్రం వెంట వయొలిన్ నడిచినప్పుడు ఆ రెండూ కలిసి మూడో నాదమొకటి పుడుతుంది చూడండి, ఆయన కోరుకున్నది అదేనని నాకు అప్పుడు అర్థమైంది. ఆయన ఎరిగిన లైప్‌జిగ్ గెవాండ్‌హౌస్ బృందం చిన్నది. నేటి పెద్ద బృందాల్లో తంత్రీవాద్యాల కింద ఊదే వాద్యాలు సులభంగా మునిగిపోతాయి.

బారెన్‌బోయిమ్‌ది నిండైన, చిక్కని నాదం. ‘రైన్’ అని పేరున్న మూడో సింఫొనీలో నాలుగో భాగానికి అది అద్భుతంగా కుదిరింది. అంతవరకూ మౌనంగా ఉన్న ట్రాంబోన్లు (ఇత్తడి ఊదే వాద్యాలు) అక్కడే తొలిసారి పలుకుతాయి. నేను ఆ చోటును మళ్లీ మళ్లీ వింటాను.

నాలుగో సింఫొనీకి మాత్రం గార్డినర్ సెట్ కూడా దగ్గర పెట్టుకోండి. 1841లో రాసిన ఈ కృతిని షూమన్ 1851లో మరింత బరువైన కూర్పుతో తిరగరాశాడు. షూమన్ మిత్రుడైన స్వరకర్త బ్రామ్స్ పాతదే మేలన్నాడు. షూమన్ భార్య క్లారా వద్దన్నా 1891లో దాని ప్రచురణకు పూనుకున్నాడు. గార్డినర్ సెట్‌లో పాత, కొత్త రూపాలు రెండూ ఉన్నాయి. నా ఓటు బ్రామ్స్‌కే.

ఇక రెండో సింఫొనీ సంగతి. 1844లో మానసికంగా కుంగిపోయిన షూమన్ కోలుకుంటూ రాసినది ఇది. మూడో భాగంలో వయొలిన్లు ఎత్తుకున్న బాణీని ఓబో అనే ఊదే వాద్యం అందుకుంటుంది, మంద్రంగా పలికే మరో ఊదే వాద్యం బసూన్ దానికి తోడు నిలుస్తుంది. తర్వాత వయొలిన్లు మెట్టుమెట్టుగా పైకెక్కి, అక్కడ కంపిస్తూ నిలిచి, మెల్లగా దిగివస్తాయి. రాత్రిపూట, హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినండి.