కొత్తగా పీహెచ్‌డీ గైడ్ అయినవాడికి

చిరంజీవికి ఆశీస్సులు.

ఇద్దరు అమ్మాయిలు, ముగ్గురు అబ్బాయిలు నీ ల్యాబ్‌లో చేరుతున్నారని, నీకు అందరూ సమానమేనని రాశావు. ఆ నమ్మకం ఒక్కటే చాలదురా. 2012లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో ల్యాబ్ మేనేజర్ ఉద్యోగానికి పెట్టిన ఒకే దరఖాస్తును కొందరు సైన్స్ ప్రొఫెసర్లకు జాన్ పేరుతో, మిగతావాళ్లకు జెనిఫర్ పేరుతో చూపించారు. జాన్‌కి సగటున ఏడాదికి 30 వేల డాలర్ల పైన జీతం ఇవ్వచ్చన్నారు, జెనిఫర్‌కి 26,500 దగ్గర ఆగిపోయారు. ఈ తేడా చూపడంలో ఆడ ప్రొఫెసర్లూ మగవాళ్లకేం తీసిపోలేదు.

అందుకే మనసుని కాదు, పద్ధతిని నమ్ముకో. వారానికి ఒక్కొక్కరికి 45 నిమిషాలు, క్యాలెండర్‌లో రాసిపెట్టి ఇవ్వు. అయినా అసలు తేడా అక్కడ రాదు. సాయంత్రం టీ దగ్గర అబ్బాయిలతో మాట్లాడుతూ కొత్త ఐడియా, పేపర్లు పరిశీలించే రివ్యూయర్ల తీరు, ఏ కాన్ఫరెన్స్‌కి పంపాలో అన్నీ చెప్పేస్తాం. అమ్మాయిలతో మాత్రం ఎవరేమనుకుంటారోనని పొడిపొడిగా ముగిస్తాం. జాగ్రత్త అనుకుంటాం గానీ నష్టపోయేది వాళ్లు. తలుపు తెరిచి మాట్లాడాలనుకుంటే అందరితోనూ తెరిచే మాట్లాడు. రాత్రి ల్యాబ్‌లో ఒంటరిగా పనిచేయకూడదన్న నియమం పెడితే అదీ అందరికీ పెట్టు.

విమర్శలో మెత్తదనం ఇంకో చిక్కు. బాధపడుతుందేమోనని అమ్మాయి డ్రాఫ్ట్ మీద "బాగుంది" అని రాసి వదిలేస్తే, ఆ తప్పులు రేపు వైవాలో ఎగ్జామినర్ పట్టుకుంటాడు. పోల్చి చూడటానికి పెట్టిన కంట్రోల్ ఏది, ప్రయోగం ఎన్నిసార్లు రిపీట్ చేశావని అబ్బాయిని అడిగినట్టే ఆమెనూ అడుగు.

కెమికల్స్ ఆర్డర్లు, మీటింగ్ నోట్సు, జూనియర్లకు పని నేర్పడం "ఆమైతే నీట్‌గా చేస్తుంది" అంటూ అమ్మాయిల మీద పడతాయి. ఆ గంటలు ప్రయోగాల్లోంచి పోతాయి, థీసిస్‌లో కనబడవు. వంతుల పట్టిక గోడకి అంటించి నెలనెలా మార్చు.

పేపర్ మీద మొదటి పేరు ఎవరిదో, అంటే ఫస్ట్ ఆథర్ ఎవరో, ప్రాజెక్టు మొదట్లోనే రాసుకో. పేపర్‌లో వేసే బొమ్మలు సిద్ధమయ్యాక ఆ నిర్ణయాన్ని అందరూ కలిసి ఇంకోసారి చూసుకోండి.

సిఫార్సు లేఖ రాశాక పేరు మార్చి చదువు. "కష్టపడుతుంది, అణకువ గలది" అన్నవి అబ్బాయికి రాస్తావా? రాయకపోతే కొట్టేసి, ఏ ప్రయోగం ఆమె ఆలోచనో, ఏ చిక్కు ఎలా విప్పిందో రాయి. పెళ్లి, పిల్లల ఊసు వద్దు.

గర్భవతినని ఎవరైనా చెబితే, అడగకుండా తేలిక ప్రాజెక్టుకి మార్చేయకు. ఏ రసాయనాలు ముట్టకూడదో సేఫ్టీ ఆఫీసర్‌తో కలిసి చూడండి, మిగతాది ఆమె ఇష్టం.

ఇక చివరిది. ప్రతి స్కాలర్‌కీ నువ్వు కాక ఇంకో సీనియర్ అండ ఉండాలి. నీ మీదే ఫిర్యాదుంటే ఏ కమిటీకి వెళ్లాలో చేరిన రోజే కాగితం మీద రాసి అందరికీ ఇవ్వు.

ఇట్లు,
మీ మాస్టారు