1896 నాటి మెకిన్లీ బ్యాడ్జీ అసలుదో నకలో ఎలా తెలుస్తుంది?

గరాజ్ సేల్‌లో 1896లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీచేసిన మెకిన్లీ ఎన్నికల బ్యాడ్జీ దొరికిందన్నారు. అసలుదేనా, మురికి కడగొచ్చా అని అడిగారు. కడగడం మాత్రం వద్దండీ, ఎందుకో కింద చెబుతాను.

ముందు బొమ్మను వదిలేసి అంచు చూడండి. ఆ రోజుల్లో రేకు బిళ్ళ మీద అచ్చువేసిన కాగితం పెట్టి, పైన పల్చటి సెల్యులాయిడ్ (తొలినాటి ప్లాస్టిక్) పొర కప్పి, అంచులు వెనక్కి మడిచి, లోపలి నుంచి రింగుతో బిగించేవారు. పిన్ను తీగ ఆ రింగులో కూర్చుంటుంది. అమెరికాలోని నెవార్క్‌లోని వైట్‌హెడ్ అండ్ హోగ్ కంపెనీకి పేరు తెచ్చింది ఈ పద్ధతే. రేకు మీదే నేరుగా రంగులు అచ్చేసే లిథో బ్యాడ్జీలు వాడుకలోకి వచ్చింది 1920 ప్రాంతంలో. కాబట్టి మెకిన్లీ బొమ్మ రేకు మీదే అచ్చయి ఉంటే అది నకలే, ఇంకేం చూడక్కర్లేదు. భూతద్దంతో మడత దగ్గర చూస్తే తేడా తెలిసిపోతుంది. పాతదానికి పొర అంచు కనబడుతుంది. లిథో అయితే గీత పడ్డచోట మెరిసే రేకు బయటపడుతుంది.

మడతలో సన్నటి అక్షరాలున్నాయేమో కూడా వెతకండి. 1972లో అమెరికన్ ఆయిల్ కంపెనీ పాత బ్యాడ్జీల నకళ్ళు సెట్లుగా తెచ్చింది, వాటికి ఆ ఏడాది అక్కడే ఉంటుంది. నకలు మీద తయారైన సంవత్సరం ఉండి తీరాలని 1973లో అమెరికాలో చట్టమే వచ్చింది. ఆ అక్షరాలు గీకేసి అమ్మేవాళ్ళున్నారు. అంచులో ఒక్కచోటే గీకుడో కొత్త రంగో కనిపిస్తే కొనకండి.

వెనక కంపెనీ పేరు, పేటెంటు తేదీలున్న కాగితం ఉంటే మంచిదే. అది తేలిగ్గా ఊడిపోతుంది, లేనంతమాత్రాన నకలని కాదు.

ఇక కడగడం సంగతి. మడతలోంచి నీళ్ళు పొర కిందికి దిగితే రేకు తుప్పు పట్టి, కాగితం మీద గోధుమరంగు మచ్చలు పాకుతాయి. దీన్నే ఫాక్సింగ్ అంటారు, దీనికి మందు లేదు. నూటపాతికేళ్ళు దాటిన కాగితం ఇంకా రంగు నిలుపుకుందంటే దాన్ని మన చేతులతో పాడుచేయడం అన్యాయం. మెత్తటి పొడి నూలు గుడ్డతో తుడవండి, చాలు. నెయిల్ పాలిష్ రిమూవర్ దగ్గరికి రానివ్వకండి, అసిటోన్‌కి సెల్యులాయిడ్ కరిగిపోతుంది.

మెకిన్లీవి లెక్కలేనన్ని పంచారు, మామూలు డిజైను అసలుదైనా పెద్ద ధర రాదు. 1920లో అధ్యక్ష, ఉపాధ్యక్ష పదవులకు జంటగా పోటీచేసిన కాక్స్, రూజ్వెల్ట్ ఇద్దరి ఫోటోలూ ఉన్నది దొరికితే మాత్రం దాని ధర సంగతే వేరు. ఏదైనా సరే దూది పరిచిన అద్దం మూత పెట్టెలో, ఎండ తగలనిచోట, సిలికా జెల్ పొట్లంతో ఉంచండి. సెల్యులాయిడ్ ఇట్టే అంటుకుంటుంది, దీపాలకూ పొయ్యికీ దూరంగా పెట్టండి.