ఛార్జిషీటు ఒడియాలో ఉంది, మాకు చదవడం రాదు: విచారణకు ముందు ఏం చేయాలి?

మీ అన్నయ్య మీద వేసిన ఛార్జిషీటు ఒడియాలో ఉందని, అందులో ఏముందో తెలియకుండానే వచ్చే వాయిదాకు వెళ్లాలా అని అడిగారు. దయచేసి అలా వెళ్లనివ్వకండి.

మాది గజపతి జిల్లా, పర్లాకిమిడి దగ్గర పల్లె. 1936లో ఈ ప్రాంతం ఒడిశాలో చేరింది గానీ మా ఇళ్లలో మాట్లాడేది తెలుగే. సంతలో ఒడియా మాట్లాడతాం. చదవడం మాత్రం మా పెద్దవాళ్లలో చాలామందికి రాదు. 2019లో పొలం గట్టు దగ్గర తోపులాట జరిగి మా చిన్నాన్న మీద కేసు పడింది. కోర్టులో ఇచ్చిన కాగితాల కట్టను ఆయన మడిచి సంచిలో పెట్టుకున్నారు. కొట్లాట కేసే కదా అని మేమూ విప్పి చూడలేదు.

అభియోగాలు వినిపించే రోజు ఉదయం లాయరు గారి గుమస్తా ఒక్కో వరుస మీద వేలు పెట్టి తెలుగులో చెబుతున్నాడు. మధ్యలో చిన్నాన్న అతని చెయ్యి పట్టుకుని ఆపేశారు. "కొడవలా? నా చేతిలో కర్ర కూడా లేదు బాబూ!" ఆయుధంతో గాయపరిచారని అప్పటి శిక్షాస్మృతి 324 సెక్షన్ పెట్టారు. దానికి మూడేళ్ల వరకు జైలు. అదే కట్టలో ఉన్న డాక్టరు నివేదికలో కోసుకుపోయిన గాయమే లేదు! లాయరు గారు అది చూపించాక మేజిస్ట్రేటు ఆ సెక్షన్ తీసేసి, మామూలు గాయానికి సంబంధించిన సెక్షన్ ఒక్కటే ఉంచారు.

ఆ కాగితం నెలల తరబడి మా ఇంట్లోనే ఉంది. తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో (క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం) 230వ సెక్షన్ చూడండి. ఎఫ్‌ఐఆర్, పోలీసు నివేదిక, సాక్షుల వాంగ్మూలాల నకళ్లు నిందితుడు కోర్టుకు హాజరైన 14 రోజుల్లోగా ఉచితంగా ఇవ్వాలి. వారంటు కేసుల్లో, అంటే రెండేళ్లకు మించి శిక్ష పడగల నేరాల కేసుల్లో, అవి అందిన 60 రోజుల్లోగా, ఆధారం లేని కేసు కొట్టివేయమని అర్జీ పెట్టుకోవచ్చు. అందుకే నకళ్లు అందిన తేదీ రాసి పెట్టుకోండి. 263వ సెక్షన్ ప్రకారం అభియోగాన్ని చదివి, వివరించి, ఆ తర్వాతే నేరం ఒప్పుకుంటావా అని అడగాలి. అభియోగం కోర్టు భాషలోనే రాస్తారు కాబట్టి ఒడియాలో ఉండడం తప్పు కాదు. కానీ అర్థం కాని భాషలో గబగబా చదివేస్తే అది వివరించడం ఎలా అవుతుంది? "నాకు అర్థం కాలేదు, తెలుగులో చెప్పించండి" అని మీ అన్నయ్య నోరు విప్పి అడగాలి. పేరు అడిగారనుకుని "అవును" అనేయబోయిన పెద్దాయనను నేను కళ్లారా చూశాను. నేరం ఒప్పుకుంటే దాని ఆధారంగానే శిక్ష వేసే అధికారం మేజిస్ట్రేటుకు ఉంది.

తర్వాత చూసుకుందాంలే అనుకోకండి. అభియోగంలో పొరపాటు ఉన్నంత మాత్రాన కేసు పోదు. దానివల్ల నిందితుడు తప్పుదారి పట్టి అన్యాయం జరిగిందని తేలాలి. మొదట్లోనే అభ్యంతరం చెప్పిన వారి మాటకు బలం ఎక్కువ. సాక్ష్యం సైతం నిందితుడికి తెలిసిన భాషలోకి చెప్పించాలని 314వ సెక్షన్ ఉంది.

లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే 15100కు ఫోను చేయండి, ఉచిత న్యాయసహాయం అడగండి. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో పని లేదు. ఈలోగా ఒడియా బాగా చదవగల మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని కట్ట మొత్తం చదివించండి. మా చిన్నాన్నను కాపాడిన డాక్టరు నివేదిక కట్టలో అడుగు నుంచి రెండో కాగితం.