నాన్న వైద్యానికి మూడు రూపాయల వడ్డీ: ముందు తీర్చాల్సింది అదే

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. వయసు 43, ప్రైవేటు ఉద్యోగం, చేతికి నెలకు రూ.68 వేలు. ఇంటి ఖర్చు రూ.34 వేలు. మూడు నెలల కిందట నాన్నకు (73) పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. ఆసుపత్రి బిల్లు రూ.5.4 లక్షలైంది. ఆఫీసు ఇన్సూరెన్స్ పరిమితి రూ.3 లక్షలే. మిగతాదానికి రూ.1.5 లక్షలు మూడు రూపాయల వడ్డీకి తెచ్చాను, రూ.90 వేలు క్రెడిట్ కార్డు మీద గీకాను. ఇప్పుడు నెలనెలా నాన్నను చూసుకునే మనిషికి రూ.14 వేలు, ఫిజియోథెరపీకి రూ.13 వేలు, మందులు, డైపర్లకు రూ.8 వేలు అవుతున్నాయి. రూ.5 లక్షల చీటీ (50 నెలలు, నెలకు రూ.10 వేలు) 23 వాయిదాలు కట్టాను, ఇంకా పాడలేదు. మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కట్టే సిప్ రూ.8 వేలు. 12 కాసుల బంగారం ఉంది. నాన్న పేరున రూ.1.8 లక్షల ఎఫ్‌డీ ఉంది. అమ్మకు (67) షుగర్. తమ్ముడు హైదరాబాద్‌లో ఉంటాడు, అడగడం ఇష్టం లేదు. రూ.6 లక్షల పర్సనల్ లోన్ తీసుకుని అప్పులు తీర్చి, మిగిలింది నాన్న ఖర్చులకు వాడుకోవచ్చా?

జవాబు: వద్దు. 15 శాతం వడ్డీతో అయిదేళ్లకు తీసుకుంటే నెలకు రూ.14,270 దాకా కిస్తీ పడుతుంది. మీకు ఇప్పటికే వడ్డీలు కలపకుండానే నెలకు రూ.19 వేలు లోటు. అప్పులు తీర్చగా మిగిలే రూ.3.6 లక్షలు ఆ లోటుకూ ఈ కిస్తీకీ కలిపి ఏడాది తిరక్కుండానే అయిపోతాయి. కిస్తీ మాత్రం ఇంకో నాలుగేళ్లు ఉంటుంది.

మీ ఉత్తరం ఎంచుకున్నది ఒక్క కారణానికి. ఇన్సూరెన్స్ ఉంటే చేతిలో నగదు అక్కర్లేదనుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. ఇన్సూరెన్స్ ప్రధానంగా ఆసుపత్రి బిల్లు వరకే. పక్షవాతంలో అసలు ఖర్చు డిశ్చార్జి అయ్యాక మొదలవుతుంది. మంచం దగ్గర మనిషికి, డైపర్లకు మామూలు పాలసీలు నెలనెలా డబ్బివ్వవు. 23 నెలలు చీటీ, సిప్ తప్పకుండా కట్టిన మీరు, అవసరం వచ్చిన రాత్రి చేయి చాచింది మూడు రూపాయల వడ్డీకి. అంటే ఏడాదికి 36 శాతం, నెలకు రూ.4,500, అసలు ఒక్క రూపాయి తగ్గకుండా.

కార్డు అంతకన్నా మోసం. నెలకు 3.5 శాతం వడ్డీ, దానిపై జీఎస్టీ కలిపితే రూ.3,700 దాటుతుంది. 5 శాతం మినిమం డ్యూ (నెలకు కనీసం కట్టాల్సింది) రూ.4,500 కడితే అసలు తగ్గేది రూ.800 కూడా కాదు. పైగా పాత బాకీ ఉండగా అదే కార్డుతో మందులు కొంటే వడ్డీ లేని గడువు అంటూ ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ. ఆ కార్డు పక్కన పడేయండి.

ఈ వారమే సగం బంగారం బ్యాంకులో పెట్టి రూ.2.4 లక్షలు తెచ్చి రెండు అప్పులూ తీర్చేయండి. ప్రామిసరీ నోటు వెనక్కి తీసుకోవడం మర్చిపోవద్దు. 10 శాతమనుకున్నా వడ్డీ నెలకు రూ.2 వేలు. ఇప్పుడు పోతున్నది రూ.8,200. వీధి చివరి ఫైనాన్స్ కొట్టుకు మాత్రం వెళ్లకండి.

ఇక అత్యవసరానికి చేతిలో ఉండాల్సిన నిధి. ముందు నాన్నగారి ఎఫ్‌డీ. ఆయన డబ్బు ఆయనకు వాడటానికి మొహమాటమెందుకు? కుడిచేయి బాగుంది గనుక ఇప్పుడే సంతకం పెట్టించండి. రేపు ఇంకోసారి స్ట్రోక్ వస్తే ఆ డబ్బు ఉండీ లేనట్టే. బ్యాంకుకు రాలేరంటే మేనేజరుకు చెప్పండి, 70 దాటినవారికి ఇంటి దగ్గరే సేవలందించే ఏర్పాటు ఉంది. గడువుకు ముందే తీస్తే వడ్డీ కాస్త తగ్గుతుంది, తగ్గనివ్వండి. ఆ సొమ్మును ఆయన, మీరు కలిసి ఉన్న ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ (ఇద్దరిలో ఎవరైనా డబ్బు తీయగల) సేవింగ్స్ ఖాతాలో వేయండి. ఇది నాన్నగారి నిధి.

రెండోది ఇంటి నిధి, రూ.2 లక్షలు, అంటే దాదాపు ఆరు నెలల ఇంటి ఖర్చు. ఇది చీటీ నుంచి రావాలి. జూన్, జులైల్లో కాలేజీ ఫీజుల కోసం పాట ఎగబాకుతుంది, ఆ రెండు నెలలు వదిలేసి పాడుకోండి. పాడిన రోజే డబ్బు చేతికి రాదు. జీతగాళ్ల ష్యూరిటీలు అడుగుతారు, వాళ్ల పే స్లిప్పులు ఇప్పుడే సిద్ధం చేసుకోండి. వచ్చినదాంట్లో ముందు నిధి పక్కన పెట్టి, మిగిలిందే బంగారం లోనుకు కట్టండి. చాలామంది తిరగేసి చేస్తారు: లోను మొత్తం తీర్చి ఊపిరి పీల్చుకుంటారు, మర్నెల ఆసుపత్రి మెట్లెక్కితే మళ్లీ అదే వడ్డీ వ్యాపారి.

సిప్ ఆరు నెలలు ఆపండి. అప్పుడు బంగారం లోను వడ్డీ రూ.2 వేలు కలిపి లోటు రూ.13 వేలు. ఫిజియోథెరపీ రోజు విడిచి రోజు సరిపోతుందేమో డాక్టర్‌నే అడగండి. సరేనంటే రూ.6,500 తగ్గుతుంది, మధ్య రోజుల్లో వ్యాయామాలు మీరు నేర్చుకుని చేయించాలి. మిగతా లోటుకు తమ్ముణ్ని అడగాల్సిందే. ‘వీలైనప్పుడు పంపు’ అనకండి. ఖర్చుల కాగితం చూపించి, నెలకు రూ.8 వేలు, అయిదో తేదీకల్లా అని చెప్పండి. మందులకు జన్ ఔషధి దుకాణంలో అడిగి చూడండి.

నాన్నగారికి 70 దాటాయి గనుక ఆదాయంతో పనిలేకుండా ప్రభుత్వ ఆయుష్మాన్ వయ వందన కార్డు వస్తుంది, ఏడాదికి రూ.5 లక్షల వరకు ఆసుపత్రి చికిత్సకు. ఆధార్‌తో ఈ-కేవైసీ చేయించి, మీరు వెళ్లే ఆసుపత్రి ఆ పథకం జాబితాలో ఉందో లేదో ఇప్పుడే కనుక్కోండి. అంబులెన్సులో ఉండగా కాదు. ఆఫీసు పాలసీ రెన్యువల్ దాకా మీకున్న ఆసరా అదొక్కటే.

అమ్మగారికి విడిగా పాలసీ తీసుకోండి, ఆఫీసు పాలసీ ఉద్యోగంతోనే పోతుంది. షుగర్ సంగతి ఫారంలో రాయండి. షుగర్ వల్ల వచ్చే ఖర్చులకు క్లెయిమ్ దొరకాలంటే మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. దాచిపెడితే క్లెయిమ్ రోజున పాత మందుల చీటీ ఒక్కటి చాలు, తిరస్కరించడానికి.