లింకు వెళ్లింది మావాడి ఐడీ నుంచే, కేసు వాడి మీదే పడుతుందా?

ప్రశ్న: మాది తిరుపతి, బైరాగిపట్టెడ. మా అబ్బాయికి 16 ఏళ్లు, ఇంటర్ చదువుతున్నాడు. ఫోన్‌లో బీజీఎంఐ అనే గేమ్ ఆడతాడు. ‘ఫ్రీ యూసీ’ (ఆ గేమ్‌లో వాడే డబ్బు) అని వచ్చిన లింకు నొక్కి ఫేస్‌బుక్ పాస్‌వర్డ్ కొట్టాడు. వెరిఫికేషన్‌కు ఒక్క రూపాయి అంటే నా కార్డు నంబరు, ఓటీపీ కూడా ఇచ్చేశాడు. 2,400 రూపాయలు పోయాయి, గేమ్ ఐడీ పోయింది. పైగా వాడి ఫేస్‌బుక్ నుంచి అదే లింకు స్నేహితులకు వెళ్లింది. అందులో ఒకబ్బాయి ఐడీ కూడా పోయిందట. వాళ్ల నాన్న ‘మీవాడి మీద కేసు పెడతా’ అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ఇంకా చేయకపోతే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకు చెప్పి కార్డు బ్లాక్ చేయించండి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

మీవాడి సంగతి. వేరొకరి పాస్‌వర్డ్ వాడుకోవడం ఐటీ చట్టం 66సి కింద నేరమే. కానీ అది కపటంతోనో, మోసపు ఉద్దేశంతోనో చేసి ఉండాలని ఆ సెక్షన్‌లోనే ఉంది. తన ఐడీ నుంచి లింకు వెళ్లినట్టు మీవాడికే తెలియదు. 66సి, 66డి (కంప్యూటర్, ఫోన్ ద్వారా వేరొకరిలా నటించి మోసం చేయడం) కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా పడేది ఆ దొంగకు. ఎవరు ఫిర్యాదు ఇచ్చినా 18 నిండని పిల్లల్ని లాకప్‌లో పెట్టకూడదు. ఆ పెద్దమనిషితో గొడవ పడకుండా, కలిసి స్టేషన్‌కు వెళ్దాం రమ్మనండి. ఒకే లింకు మీద రెండు ఫిర్యాదులుంటే దర్యాప్తుకే మంచిది.

‘గేమ్ ఐడీకి కూడా కేసా’ అని ఎవరైనా నవ్వినా వెనక్కి రాకండి. ఐటీ చట్టం కేసులు ఇన్‌స్పెక్టర్, ఆపై స్థాయి అధికారే దర్యాప్తు చేయాలి కాబట్టి సీఐ గారిని కలవండి.

డబ్బు విషయంలో మాత్రం ఆశ పెట్టలేను. 2017 నాటి రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం, మనమే ఓటీపీ ఇచ్చిన చోట బ్యాంకుకు చెప్పేదాకా పోయిన సొమ్ము మన నష్టమే. చెప్పాక కూడా పోతే అది బ్యాంకు నెత్తిన పడుతుంది. అందుకే ఫిర్యాదు నంబరు, చెప్పిన టైము రాసిపెట్టుకోండి. 1930కి త్వరగా చెబితే సొమ్ము దొంగ ఖాతాలో ఉండగానే ఆపించే అవకాశం ఉంది.

ఇక ఆ లింకు. మీరు పంపిన స్క్రీన్‌షాట్ చూశాను. మొదట్లో గేమ్ పేరు, చుక్క, తర్వాత ‘రివార్డ్ ఈవెంట్’, చివర ‘డాట్ టాప్’. మన పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది, లింకులో చివర వస్తుంది. మొదటి ఒంటి ఏటవాలు గీతకు (/) ముందున్న చివరి రెండు మూడు ముక్కలే అసలు యజమాని, దానికి ముందు ఎవరి పేరైనా తగిలించుకోవచ్చు. దర్శనం టికెట్ల పేరిట నకిలీ సైట్లు చూసిన ఊరు మనది. దేవస్థానం అసలు సైట్ చివర ‘ఏపీ డాట్ జీవోవీ డాట్ ఇన్’ అని ఉంటుంది కదా, అలాగే చూడాలి. లింకు పక్కన కనిపించే తాళం గుర్తును నమ్మకండి, దొంగ సైట్‌కూ అది ఉంటుంది.

ఆ చాట్ డిలీట్ చేయనివ్వకండి, లింకు పూర్తిగా కనబడేలా స్క్రీన్‌షాట్లు తీయండి. ఫేస్‌బుక్ పాస్‌వర్డ్ మార్పించి, అన్ని ఫోన్ల నుంచీ లాగౌట్ చేయించండి. ఐడీ తిరిగి ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఆ మెసేజ్‌ను కూడా ఫిర్యాదుకు జత చేయండి.