సీఏ చదివి, బ్యాంకులో 20 ఏళ్లు చేస్తే యూనివర్సిటీలో ఫైనాన్స్ ప్రొఫెసర్ కావచ్చా?

పీహెచ్‌డీ లేకుండా నెల్లూరు విక్రమ సింహపురి లాంటి యూనివర్సిటీలో రెగ్యులర్ ప్రొఫెసర్ పోస్టు రాదు. ఆ స్థాయిలో పాఠాలతో పాటు పరిశోధక విద్యార్థులకు గైడ్‌గానూ ఉండాలి. అందుకే యూనివర్సిటీలకు ప్రమాణాలు నిర్ణయించే యూజీసీ 2018 నిబంధనలు మామూలుగా పీహెచ్‌డీ, పదేళ్ల బోధనానుభవం, కనీసం 10 పరిశోధన పత్రాలు, 120 రీసెర్చ్ స్కోరు (పరిశోధన పనికి లెక్కగట్టే పాయింట్లు) అడుగుతాయి. పరిశ్రమ నుంచి వచ్చేవారికి రెగ్యులర్ పోస్టుకు వేరే దారి ఉన్నా, అక్కడా పీహెచ్‌డీ తప్పదు.

అయితే రెగ్యులర్ కాని, తాత్కాలిక పోస్టు ఒకటుంది. ఉదాహరణకు, ఒంగోలులో గ్రానైట్ యూనిట్లకు లోన్లిస్తూ, బ్యాలెన్స్ షీట్ చూడగానే తేడా పట్టేసే సీనియర్ బ్యాంకు మేనేజరు ఉన్నారనుకోండి. 15 ఏళ్ల అనుభవంతో ఆయన ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’గా, అంటే వృత్తి అనుభవంతో పాఠాలు చెప్పే తాత్కాలిక ప్రొఫెసర్‌గా చేరవచ్చు, పీహెచ్‌డీ అక్కర్లేదు, కానీ గరిష్ఠంగా నాలుగేళ్లే. ఇలాంటివాళ్లు క్లాసుకు రావడం పిల్లలకు నిజంగా మేలు.

చాలామంది పొరబడేది సీఏ దగ్గర. 2021లో యూజీసీ దాన్ని పీజీతో సమానమంది, పీహెచ్‌డీతో కాదు.