పాత పొగాకు గోడౌన్‌లోకి వెళ్ళొచ్చా?

ప్రశ్న: అన్నా, మాది చిలకలూరిపేట దగ్గర ఊరు. ఊరి చివర పెద్ద పొగాకు గోడౌన్ ఒకటుంది, మేం పుట్టకముందే మూతపడిందట. గేటుకు తాళం ఉంది కానీ వెనక గోడ కూలి దారి ఏర్పడింది. నలుగురు ఫ్రెండ్స్‌మి కలిసి రాత్రిపూట లోపలికెళ్ళి వీడియో తీద్దామనుకుంటున్నాం. దెయ్యాలున్నాయంటారు, మాకు ఆ భయం లేదు. పోలీసు కేసు అవుతుందేమోనని మాత్రం టెన్షన్. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
– డిగ్రీ విద్యార్థి, పల్నాడు జిల్లా

జవాబు: తమ్ముడూ, తప్పకుండా చూడండి, చూడాల్సిన చోటే అది. కానీ రాత్రి వద్దు, ఆ కూలిన గోడలోంచి అసలే వద్దు. ఎందుకంటున్నానో చెప్తాను.

నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు మేం ముగ్గురం ఇలాగే ఒక మూతపడ్డ గోడౌన్‌లోకి దొంగచాటుగా దూరాం. పైనుంచి ఫొటో బాగా వస్తుందని మావాడొకడు కప్పెక్కాడు. సిమెంటు రేకు చూడటానికి గట్టిగానే ఉంటుంది, ఎండకూ వానకూ ఏళ్ళ తరబడి నాని పెళుసెక్కిపోయిందని అడుగు పడేదాకా తెలీదు. చప్పుడు కూడా పెద్దగా రాలేదు, అప్పడం విరిగినట్టు విరిగింది, వాడు ఇద్దరు మనుషుల ఎత్తు నుంచి నాపరాయి గచ్చు మీద పడ్డాడు. తొడ ఎముక విరిగింది. అది కాదు నన్ను ఇన్నేళ్ళూ వదలనిది. కేకలేస్తే ఎవరైనా వచ్చి పట్టుకుంటారేమో, ఇంట్లో తెలిసిపోతుందేమో అని మేమిద్దరం దగ్గర దగ్గర అరగంట ఎవర్నీ పిలవలేదు, వాడు పళ్ళు బిగబట్టి మూలుగుతుంటే పక్కన కూర్చున్నాం. అనుమతి తీసుకుని వెళ్ళి ఉంటే మొదటి నిమిషంలోనే ఫోన్ చేసేవాళ్ళం. కేసు భయం కంటే ఇది పెద్ద విషయం తమ్ముడూ, నువ్వు లోపల ఉన్నావని బయట ఒక్కరికైనా తెలిసి ఉండాలి.

ఇక కేసు సంగతి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 329 సెక్షన్ దీనికి సంబంధించినదే. నేరం చేయాలనో, స్వాధీనంలో ఉన్నవాళ్ళని బెదిరించాలనో, అవమానించాలనో, ఇబ్బంది పెట్టాలనో వేరేవాళ్ళ స్థలంలోకి చొరబడితే మూడు నెలల దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. సరుకు దాచే కట్టడమైతే అది ఇంట్లోకి చొరబడటం కిందికే వస్తుంది, జైలు ఏడాది దాకా పెరుగుతుంది. ఖాళీ గోడౌన్ ఆ లెక్కలోకి వస్తుందా, మీ ఉద్దేశం ఏమిటి అన్నది కోర్టులో తేలాల్సిన వాదన. ఫొటోలకోసం వెళ్ళామని మీరు చెప్పుకోవచ్చు, కానీ ఆ చెప్పుకోవడం స్టేషన్‌లో మొదలవుతుంది. పైగా ఇలాంటి చోట్ల ఇనుము, రాగి తీగ పోతూనే ఉంటాయి, ఆ వారం ఏది పోయినా నీ వీడియోనే సాక్ష్యం.

అనుమతి ఇవ్వాల్సింది వాచ్‌మన్ కాదు. పాపం ఆయన మొహమాటానికి సరే అంటాడు, తేడా వస్తే ఉద్యోగం పోయేది ఆయనకే. గేటు మీద బ్యాంకు నోటీసు అంటించి ఉంటే ఆ బ్రాంచికి వెళ్ళు. కంపెనీ దివాళా తీసి కోర్టులో ఉంటే లిక్విడేటర్ అని, ఆస్తులు అమ్మి అప్పులు తీర్చే అధికారి ఒకరుంటారు, ఆయనకు రాయాలి. ఏదీ తెలీకపోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) తీయిస్తే ప్రస్తుతం ఎవరి పేరున ఉందో చాలావరకు తేలుతుంది. ఎంతమంది, ఏ రోజు, ఎన్ని గంటలకు అని ఒక పేజీ ఉత్తరం రాసి సంతకం పెట్టించుకోండి.

లోపల దెయ్యాలుండవు, బిళ్ళలుంటాయి. పొగాకుకు పురుగు పట్టకుండా అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు పెట్టి టార్పాలిన్ కప్పేవాళ్ళు. గాలిలో తేమ తగిలితే చాలు, వాటిలోంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది, దానికి విరుగుడు మందు లేదు. బయటపడి ఉన్నవి ఈపాటికి బూడిదైపోయి ఉంటాయి కానీ మూత బిగించిన డబ్బా ఏళ్ళ తర్వాత కూడా ప్రమాదమే. మూల గదిలో తుప్పుపట్టిన అల్యూమినియం సీసాలు కనిపిస్తే ముట్టుకోవద్దు, మూత తీయొద్దు, నీళ్ళు పోయొద్దు. వెల్లుల్లి వాసనో, కుళ్ళిన చేపల వాసనో వస్తే వెంటనే బయటికి వచ్చేయండి. వాసన రాలేదు కదా అని ధైర్యం కూడా పడొద్దు.

విరిగిన సిమెంటు రేకు ముక్కల్ని తన్నడం, చిదపడం చేయొద్దు, అందులో ఆస్‌బెస్టాస్ నార ఉంటుంది, ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే బయటికి రాదు. చెక్క మేడ ఉంటే ఎక్కొద్దు, చెద లోపల్లోపల తినేసి పైన రంగు మాత్రం మిగులుస్తుంది. సంపులోకి దిగొద్దు, గాలి ఆడని గుంటలో మనిషి నిలబడిన చోటే కూలిపోతాడు, తీయడానికి దిగినవాడూ పోతాడు. రాత్రి వద్దన్నది ముఖ్యంగా కట్లపాము కోసం. అది తిరిగేది రాత్రే, కరిచినా పెద్దగా నొప్పి ఉండదు, అందుకే చాలామంది ఇంటికెళ్ళి పడుకుంటారు. అనుమానం వచ్చినా సరే, కట్టు బిగించకుండా, గాటు పెట్టకుండా 108కి ఫోన్ చేసి ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాలి. చీలమండ దాకా వచ్చే బూట్లు, ఫుల్ ప్యాంటు, టార్చి ఎలాగూ ఉండాలి.

ఉదయం తొమ్మిదింటికి వెళ్ళండి, ఆ వెలుగు చాలు. ఇంకో మాట. అక్కడ పనిచేసిన పెద్దావిడ మీ ఊళ్ళో ఎవరో ఒకరు ఉండే ఉంటారు. ఆమె రాగలిగితే గుమ్మం దాకానైనా తీసుకెళ్ళండి, నడవలేకపోతే తీసిన వీడియో ఆమె పక్కన కూర్చుని చూడండి. నీకు ఖాళీ హాలు కనిపించే చోట ఆమె ఫలానా గ్రేడు ఇక్కడ, ఫలానా మేస్త్రి అక్కడ అని చెప్తుంది.

ప్రశ్న: మా అమ్మమ్మ గుంటూరులో పొగాకు కంపెనీకి పనికి వెళ్ళేది. అంత పెద్ద గోడౌన్లు ఎందుకు ఖాళీ అయిపోయాయండీ? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, మా అమ్మ కూడా ఆ పనికే వెళ్ళేది. సాయంత్రం ఇంటికొస్తే కొంగులోంచి ఆ ఘాటు వచ్చేది, అన్నం కలిపి పెడితే ముద్ద చేదుగా ఉండేది, ఎంత కడిగినా వేళ్ళ నుంచి ఆ జిగురు పోయేది కాదు.

గుంటూరు చుట్టుపక్కల వర్జీనియా పొగాకు సాగు 1920ల నుంచి ఊపందుకుంది. రైతు బ్యారన్‌లో, అంటే ఆకుని వేడికి ఆరబెట్టే గదిలో, కాల్చి తెచ్చిన ఆకుని రంగు చూసి, ముట్టుకుని గ్రేడు చేయాలి, మండెలు (కుప్పలు) వేయాలి, ఈనె తీయాలి, బేళ్ళు కట్టాలి. ఇదంతా చేతిపని, చాలావరకు ఆడవాళ్ళ పని. అందుకే ఆ హాళ్ళు అంత పెద్దవి. ఎండ నేరుగా పడితే ఆకు రంగు తేడాగా కనిపిస్తుంది కాబట్టి కొన్నిటికి కప్పు రంపపు పళ్ళలా కట్టి ఉత్తరం వైపు అద్దాలు పెట్టారు.

తర్వాత ఒకదాని మీద ఒకటి మార్పులొచ్చాయి. 1976లో గుంటూరులో పొగాకు బోర్డు ఏర్పడింది, 1980ల మధ్యలో వేలం పద్ధతి వచ్చి కొనుగోలు వేలం కేంద్రాలకు మారింది. ఈనె తీసే యంత్రాలు వచ్చి వందల చేతుల పని లాక్కున్నాయి. మన పొగాకు బాగా కొనే సోవియట్ యూనియన్ 1991లో కూలిపోయింది, దాన్నే నమ్ముకున్న వ్యాపారులు చాలామంది కోలుకోలేదు. పొగాకు మనిషికి చేసే హాని నాకు తెలుసు, ఆ పంట తగ్గాలనే కోరుకుంటాను. కానీ ఆ ఆడవాళ్ళ కష్టం గురించి ఎక్కడా ఒక బోర్డయినా కనిపించకపోవడం మాత్రం మనసుకు కష్టంగా ఉంటుంది. అమ్మమ్మ ఉంటే ఇప్పుడే ఫోన్‌లో రికార్డ్ చేయండి.

ప్రశ్న: మా ఊళ్ళో పాత గోడౌన్ కూల్చేసి ప్లాట్లు వేస్తారట. ఆపగలమా? – ఒంగోలు నుంచి ఒక టీచర్

జవాబు: సొంత ఆస్తి అయితే ఆపడం కష్టం మాస్టారూ. కూల్చకుండానే వాడుకోవచ్చని చూపించగలిగితే యజమాని ఒక్కోసారి వింటాడు. కొచ్చిలో ఆస్పిన్‌వాల్ హౌస్ పాత వ్యాపార కంపెనీ ఆవరణే, 2012 నుంచి అక్కడ బియెన్నాలే కళా ప్రదర్శనలు జరిగాయి, దేశం నలుమూలల నుంచీ జనం వెళ్ళారు. ఆ సంగతి ఫొటోలతో ఆయనకు చూపించండి.

వినకపోతే కూల్చే ముందు ఒక్క రోజు లోపలికి వెళ్ళనివ్వమని అడగండి. పిల్లల్ని బయట ఉంచి మీరూ ఇంకో పెద్దవాళ్ళూ కలిసి వెళ్ళి, టేపుతో కొలతలు తీసుకుని ప్రతి గోడా ఫొటో తీయండి. బేళ్ళ మీద మార్కు వేసే రేకు అచ్చులు దొరికితే అడిగి తీసుకోండి, పాత ఇనుము కింద తూకానికి అమ్మేస్తారు. మా అమ్మ పనిచేసిన చోట తలుపు పక్కన సున్నపు గోడ మీద బొగ్గుతో గీతలుండేవి, నాలుగు నిలువు, ఒకటి అడ్డం, మళ్ళీ నాలుగు నిలువు. ఎవరు ఎన్ని బుట్టలు మోశారో లెక్కట అది. నేను ఫొటో తీసుకుందామని వెళ్ళేసరికి అక్కడ కొత్త కాంపౌండ్ గోడ లేస్తోంది.